వర్ణవ్యత్యయం: ప్రమాదమా, నియమమా?
లుషోన్ మాండలికంపై గ్రామోన్ సిద్ధాంతం - ఒక పరిశీలన

మాటలోని వర్ణాలు తమ స్థానాలు మార్చుకొనడాన్ని వర్ణవ్యత్యయం అంటారు. లాటిన్‌లో అద్భుతం అనే అర్థం గల 'మిరాకులుం' అనే మాట స్పానిష్‌లో 'మిలాగ్రో' అయింది. రకార లకారాలు రెండూ అందులో చోట్లు మార్చుకొన్నాయి. జున్నుగడ్డను ఇటలీవారు 'ఫొర్మాజ్జో' అంటారు, ఫ్రెంచివారు 'ఫ్రొమాజ్' అంటారు. అచ్చుకు వెనుక ఉండవలసిన రేఫ ఫ్రెంచిలో ముందుకు వచ్చింది. ఇటువంటి మార్పు మన పూర్వులకు తెలియనిది కాదు. యాస్కుడు నిరుక్తంలో దీనిని ఆద్యంతవిపర్యయం అన్నాడు. 'హింస్' ధాతువునుండి వర్ణాలు తారుమారై 'సింహ' శబ్దం పుట్టిందని మన వ్యాకరణ సంప్రదాయం చెప్పింది.

ఈ చివరి ఉదాహరణలోనే ఒక చిక్కు ఉన్నది. వర్ణాలు ఇష్టం వచ్చినట్లు తారుమారు కాగలిగితే ఏ మాటనుండి అయినా ఏ మాటనైనా పుట్టించవచ్చును. అప్పుడు నిరుక్తి చమత్కారమవుతుంది గాని శాస్త్రం కాజాలదు. సింహ శబ్దానికి చెప్పిన ఆ వ్యుత్పత్తిని నేటి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరించకపోవడానికి కారణం ఇదే. ఎటువంటి వర్ణం, ఎటువంటి చోటునుండి, ఎక్కడికి, ఎప్పుడు జరుగుతుందో చెప్పగలిగిననాడే వర్ణవ్యత్యయానికి శాస్త్రంలో చోటు దొరుకుతుంది. అట్లా చెప్పవచ్చునని మొదట గట్టిగా వాదించినవారిలో ఫ్రెంచి ధ్వనిశాస్త్రజ్ఞుడు మారిస్ గ్రామోన్ ఒకరు. ఆయన వాదంలో నిలిచినదెంత, నిలువనిదెంత అన్నదే ఇక్కడి విచారణ.

నియమవాదుల అభ్యంతరం

పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో జర్మనీలో నవ్య వైయాకరణులనే పండితవర్గం బయలుదేరింది. ధ్వని మార్పులు ప్రకృతి నియమాలవలె అపవాదం లేకుండా జరుగుతాయని వారి ప్రతిజ్ఞ. 1876లో ఔగుస్ట్ లెస్కీన్ ఈ సూత్రాన్ని ప్రకటించాడు. 1878లో ఓస్ట్‌హోఫ్, బ్రూగ్‌మన్ దానిని సిద్ధాంతంగా స్థాపించారు. ఒక భాషలో ఒక కాలంలో 'ప' కారం 'ఫ' కారంగా మారితే, అదే పరిస్థితిలో ఉన్న ప్రతి మాటలోను మారి తీరాలి. భాషా చరిత్రను ఊహాగానాలనుండి రక్షించి శాస్త్రంగా నిలబెట్టిన సూత్రం ఇది.

అయితే ఈ చట్రంలో కొన్ని మార్పులు ఇమడలేదు. వర్ణవ్యత్యయం వాటిలో ముఖ్యమైనది. అది అక్కడొక మాటలో, ఇక్కడొక మాటలో కనిపిస్తుంది. ఫ్రెంచిలో రేఫ జరిగిన మాట ఒకటి ఉంటే, అదే పరిస్థితిలో జరగని మాటలు పది ఉంటాయి. అందుచేత ఆ సంప్రదాయంలోని గ్రంథాలు దీనిని నాలుక తడబాటుకు చెందిన ప్రమాదంగా లెక్కించి పక్కన పెట్టాయి. ఇప్పటికీ అనేక పాఠ్యగ్రంథాలు 'వర్ణవ్యత్యయం చెదురుమదురుగా మాత్రమే జరుగును' అన్న మాటనే తిరిగి తిరిగి చెబుతున్నాయి.

ఇందులో ఒక వింత ఉన్నది. లెస్కీన్ ముఖ్యంగా స్లావ్ భాషల పండితుడు. ఆ భాషల్లోనే వర్ణవ్యత్యయం నియమబద్ధంగా జరిగినట్లు సాక్ష్యం ఉన్నది. కోటను, పట్టణాన్ని చెప్పే పాత స్లావ్ ధాతువు 'గోర్ద్' దక్షిణ స్లావ్ భాషల్లో 'గ్రాద్' అయింది. రష్యన్‌లో మాత్రం 'గొరొద్' అయింది. బెల్‌గ్రేడ్, నవ్‌గొరొద్ అనే నగరాల పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ భేదం సులభంగా తెలుస్తుంది. దక్షిణ స్లావ్ భాషల్లో ఈ మార్పు ఒక్క మాటకు పరిమితం కాలేదు. ఆ పరిస్థితిలోని మాటలన్నింటా అది జరిగింది. అటువంటిదాన్ని ప్రమాదమని ఎట్లా అనగలం?

గాస్కన్ సాక్ష్యం

ఫ్రాన్సు దేశానికి నైరుతి మూలన పిరినీస్ పర్వతాలకు, గరోన్ నదికి, అట్లాంటిక్ సముద్రానికి నడుమ ఉన్న సీమ గాస్కనీ. అక్కడి దేశభాష గాస్కన్. లాటిన్‌నుండి పుట్టిన రోమాన్సు భాషల్లో ఇది ఆక్సిటన్ శాఖకు చెందింది. అయినా దాని నడక వేరు. లాటిన్ 'ఫ' కారం ఇందులో 'హ' కారమవుతుంది. అచ్చుల మధ్య 'న' కారం లోపిస్తుంది. లాటిన్‌లో చంద్రుడు 'లూనా' అయితే గాస్కన్‌లో 'లూఅ'. స్పెయిన్ సరిహద్దుకు చేరువగా, గంధకపు వేడినీటి ఊటలకు పేరుపొందిన బాన్యేర్-ద-లుషోన్ అనే పట్టణం ఉన్నది. ఆ ఊరి పలుకుబడిపై గ్రామోన్ 1905లో పారిస్ భాషాశాస్త్ర సంఘంవారి సంపుటంలో ఒక వ్యాసం ప్రకటించారు. వర్ణవ్యత్యయం ఆ మాండలికంలో నియమంగా జరిగిందని చూపడమే దాని ఉద్దేశం.

సాక్ష్యం ఎటువంటిదో కొన్ని గాస్కన్ మాటలను చూస్తే తెలుస్తుంది. మేకను లాటిన్‌లో 'కాప్ర' అంటారు. స్పానిష్‌లో అది 'కాబ్ర', ఫ్రెంచిలో 'షెవ్ర్'. రెండింటిలోను రేఫ రెండవ అక్షరంలోనే నిలిచింది. గాస్కన్‌లో మేక 'క్రాబ'. బీదవాడు లాటిన్‌లో 'పావుపెర్', ఫ్రెంచిలో 'పోవ్ర్', గాస్కన్‌లో 'ప్రావుబె'. లేత అనే అర్థం గల 'తెనెరుం' ఫ్రెంచిలో 'తాంద్ర్', గాస్కన్‌లో 'త్రెందె'. గది అనే అర్థం గల 'కామెర' ఫ్రెంచిలో 'షాంబ్ర్', గాస్కన్‌లో 'క్రాంబ'. సాయంకాలాన్ని చెప్పే 'వెస్పెర' 'బ్రెస్పె' అయింది. కొనుట అనే అర్థం గల 'కొంపరారె' 'క్రుంపా' అయింది. పశువుకు వేసే తలతాడు 'కపిస్త్రుం' 'క్రాబెస్తె' అయింది. ఈ కడపటి మాటలో రేఫ మూడవ అక్షరంనుండి బయలుదేరి మొదటి అక్షరంలోకి దూకింది.

ఈ మాటలన్నిటిలోను ఒకే క్రమం కనిపిస్తుంది. తర్వాతి అక్షరంలో హల్లుకు కలిసి ఉన్న రేఫ అక్కడ విడిపోయి, మాట మొదటి హల్లుతో సంయుక్తమవుతుంది. కదలిక ఎప్పుడూ ముందువైపుకే. ఒక్కొక్కప్పుడు మొదటి హల్లు ఇందుకోసం రూపు కూడా మార్చుకొంటుంది. జ్ఞాపకం చేసుకొనుట అనే అర్థం గల లాటిన్ 'మెమొరారె' గాస్కన్‌లో 'బ్రెంబా' అయింది. మాట మొదట 'మ్ర' అనే కూర్పు ఆ భాషకు అలవాటు లేదు. రేఫ రాకతో మకారమే బకారమైపోయింది.

గ్రామోన్ వాదంలోని బలం

గ్రామోన్ మోంపెల్యే విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. 1866లో పుట్టి 1946లో గతించారు. ఒక వర్ణం సమీపంలోని తన సజాతీయ వర్ణంవల్ల రూపు మారడాన్ని గురించి 1895లోనే ఆయన ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. దానిని కూడ నవ్య వైయాకరణులు ప్రమాదాల కోవలోనే వేశారు. అది సైతం నియమాలకు లోబడుతుందని అందులో ఆయన వాదించారు. లుషోన్ వ్యాసం అదే దీక్షకు కొనసాగింపు.

ఆయన పద్ధతిలో మెచ్చదగిన గుణం ఒకటి ఉన్నది. వర్ణవ్యత్యయానికి ఉదాహరణలు చెప్పినవారు అంతకుముందు నాలుగు భాషలనుండి నాలుగేసి మాటలు ఏరి తెచ్చేవారు. ఆ విధంగా ఏరితే ఎక్కడా నియమం కనబడదు. ఒక ఊరి పలుకుబడిని తీసుకొని అందులోని మాటలను సాకల్యంగా పరిశీలించడం గ్రామోన్ ఎన్నుకొన్న మార్గం. తోటలో చెట్లన్నీ చూసినవాడికి, సంతలో నాలుగు పండ్లు చూసినవాడికి ఉన్నంత భేదం ఇందులో ఉన్నది. పరిశీలన పరిధిని కుదించడంవల్లనే నియమం బయటపడింది. ఈ విషయంలో ఆయన గెలుపు సంపూర్ణం. ఆ తర్వాత ఎవరైనా వర్ణవ్యత్యయం స్వభావరీత్యానే చెదురుమదురు అని అంటే, వారు లుషోన్ సాక్ష్యాన్ని చూడనివారే అనుకోవాలి.

నియమానికి వెలుపల ఉన్న మాటలు

అయితే గాస్కన్ నిఘంటువు తిరగవేస్తే మరొక తెగ మాటలు కూడా కనిపిస్తాయి. 'మన' అనే అర్థం గల లాటిన్ 'నొస్తెర్' ఫ్రెంచిలో 'నోత్ర్', గాస్కన్‌లో 'నోస్తె'. 'మీ' అనే అర్థం గలది 'బోస్తె'. ఇతర అనే అర్థం గల 'అల్తెర్' 'ఆవుతె' అయింది. కుందేలు 'లెబె', నాలుగు 'క్వాతె'. వీటన్నిటిలోను చివరి అక్షరంలో రేఫ ఉండవలసింది. అది ముందుకు రాలేదు. ఉన్నచోట నిలువనూ లేదు. లోపించింది.

వీటిలో కొన్నిటికి సమాధానం సులభం. 'నోస్తె', 'లెబె' వంటి మాటల మొదటి హల్లు రేఫను చేర్చుకోజాలదు. 'ఆవుతె' మొదట హల్లే లేదు. పోవలసిన చోటు లేక రేఫ నశించిందనవచ్చును. కాని 'బోస్తె' సంగతి ఏమిటి? 'బ్రెస్పె'లో బకారం రేఫను చేర్చుకొన్నప్పుడు 'బోస్తె'లో ఎందుకు చేర్చుకోలేదు? 'మన', 'మీ' అనే మాటలు జంటగా వాడుకలో ఉంటాయి గనుక ఒకదాని రూపం రెండవదానిని లాగి ఉంటుందని సమాధానం చెప్పవచ్చును. అది సమంజసమే. కాని అటువంటి సమాధానం అవసరమైందంటేనే నియమం ఒంటరిగా పనిచేయడంలేదని అర్థం.

ఈ తెగను, పై తెగను కలిపి చూస్తే మరొక సత్యం తోస్తుంది. ఊనిక లేని చివరి అక్షరంలో హల్లుకు తగిలి ఉన్న రేఫ గాస్కన్‌లో నిలువలేకపోయింది. చోటు దొరికితే ముందుకు వచ్చింది. దొరకకపోతే జారిపోయింది. అంటే రేఫ ముందుకు రావడానికి అసలు ప్రేరణ కొత్త చోటులోని ఆకర్షణ ఒక్కటే కాదు, పాత చోటులోని బలహీనత కూడా.

ప్రయోజనవాదం నిలువదు

గ్రామోన్ వాదంలో బలహీనమైన భాగం కారణ నిరూపణ. వర్ణవ్యత్యయం మాటలోని అక్షరాల కూర్పును మెరుగుపరుస్తుందని, పలుకుటకు సుకరమైన క్రమాన్ని తెస్తుందని ఆయన అభిప్రాయం. 1933లో వెలువడిన తన ధ్వనిశాస్త్ర గ్రంథంలోను ఆయన ఈ దృష్టినే విస్తరించారు. భాష తన వర్ణాలను ఒక గృహిణి సామాన్లను సర్దుకొన్నట్లు సర్దుకొంటుందని దీని తాత్పర్యం.

వినడానికి ఇంపుగా ఉన్నా ఈ కారణం పరీక్షకు ఆగదు. 'కాబ్ర'లో ఒక సంయుక్తాక్షరం ఉన్నది. 'క్రాబ'లోను ఒకటే ఉన్నది. కష్టం ఒక చోటినుండి మరొక చోటికి మారింది గాని తగ్గలేదు. సౌకర్యమే లక్ష్యమైతే 'నోస్తె'లో వలె రేఫను వదిలివేయడం అన్నిటికంటె సులభం. పైగా 'కాబ్ర' అనే కూర్పు కోట్లాది స్పానిష్ ప్రజల నోట శతాబ్దాలుగా సుఖంగా నిలిచి ఉన్నది. అది పలుకరానిదైతే వారెట్లా పలుకుతున్నారు? జరిగిన మార్పును చూసి, అది జరిగింది కనుక మేలైనదై ఉంటుందని, మేలైనది కనుక జరిగిందని చెప్పడం చక్రంలో తిరగడమే అవుతుంది.

చెవి చేసే పొరపాటు

గ్రామోన్ కాలానికి ధ్వనిని కాగితంపై ఛాయాచిత్రంగా చూపే సాధనం లేదు. 1940లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో స్పెక్ట్రోగ్రాఫ్ తయారైన తర్వాత మాటలోని ధ్వనులు ఎట్లా ఉంటాయో కంటికి కనబడింది. వ్రాతలో అక్షరాలు విడివిడిగా ఉన్నట్లు మాటలో వర్ణాలు విడివిడిగా ఉండవు. ఒకదాని ఛాయ మరొకదానిపై పడుతుంది. ర, ల వంటి వర్ణాల ఛాయ ముఖ్యంగా దూరం ప్రసరిస్తుంది. పక్కనున్న అచ్చు అంతా ఆ రంగు పులుముకోవచ్చును. నీళ్ళలో వేసిన నీలిమందు చుక్క ఎక్కడ పడిందో కొంతసేపటికి చెప్పలేనట్లే, రేఫ అచ్చుకు ముందున్నదో వెనుకనున్నదో వినేవాడు చెప్పలేని సందర్భాలు వస్తాయి.

ధ్వని మార్పుకు మూలం పలికేవాడిలోనే కాక వినేవాడిలోను ఉన్నదని జాన్ ఒహాలా 1981లో ప్రతిపాదించారు. జూలియెట్ బ్లెవిన్స్, ఆండ్రూ గారెట్ 1998లోను, 2004లోను ప్రకటించిన వ్యాసాల్లో ఈ దృష్టిని వర్ణవ్యత్యయానికి అన్వయించారు. పిల్లవాడు పెద్దల మాట వింటాడు. రేఫ ఛాయ అతని చెవిన పడుతుంది. అది బయలుదేరిన చోటును అతడు మరొక విధంగా గ్రహిస్తాడు. గ్రహించిన విధంగానే పలుకుతాడు. ఇక్కడ మెరుగుపరచాలన్న సంకల్పం ఎవరికీ లేదు. పొరపాటు ధ్వని స్వభావంలోనే ఉన్నది గనుక, అదే పరిస్థితిలో అదే విధంగా మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. ప్రమాదమే నియమమయ్యే మార్గం ఇది.

ఈ వివరణకు సార్డీనియా ద్వీపంలో మంచి పరీక్ష దొరుకుతుంది. లాటిన్ 'పెత్ర' అంటే రాయి. ద్వీపం ఉత్తర భాగపు లొగుదొరో పలుకుబడిలో అది 'ప్రెద' అయింది. దక్షిణాన కంపిదానో పలుకుబడిలో 'పెర్ద' అయింది. రెండు చోట్లా రేఫ మొదటి అక్షరంలోకి వచ్చింది. ఒక చోట అచ్చుకు ముందు నిలిచింది, మరొక చోట వెనుక నిలిచింది. మేలైన కూర్పును వెదకడమే కారణమైతే రెండింటిలో ఏది మేలైనది? చెవి సాక్ష్యంతో చూస్తే విషయం తేటపడుతుంది. మొదటి అచ్చుకు రేఫ రంగు పట్టింది. ఆ రంగు అచ్చు మొదట ఉన్నదని ఒక సీమవారు, చివర ఉన్నదని మరొక సీమవారు గ్రహించారు.

కాని ఈ సిద్ధాంతం కూడ అన్నిటికీ జవాబు చెప్పదు. పక్క అక్షరంవరకు ఛాయ ప్రసరించడం అర్థమవుతుంది. 'క్రాబెస్తె'లో వలె రెండక్షరాలు దాటి రావడానికి ఛాయ ఒక్కటే చాలుతుందా? చెవి పొరపాటుకు దిశ ఉండకూడదు. గాస్కన్‌లో మార్పు ఎప్పుడూ ముందువైపుకే ఎందుకు జరిగింది? మాటను గుర్తించడంలో మొదటి అక్షరానికి ఉన్న ప్రాధాన్యాన్ని, మొదట 'క్ర', 'ప్ర', 'త్ర' ఉన్న మాటలు భాషలో అదివరకే సమృద్ధిగా ఉండడాన్ని కూడ కారణాలలో చేర్చుకొంటే తప్ప ఈ ప్రశ్న తీరదు. చెవి దారి తప్పిస్తుంది. ఏ దారిన తప్పాలో భాష అలవాటు నిర్ణయిస్తుంది.

తెలుగు చెప్పే సాక్ష్యం

ఈ వివాదంలో తెలుగు వాఙ్మూలం ఎంతో విలువైనది. తమిళంలో 'ఇరండు', తెలుగులో 'రెండు'. తమిళంలో 'ఉరల్', తెలుగులో 'రోలు'. తమిళంలో 'అవన్', 'ఇవన్', తెలుగులో 'వాడు', 'వీడు'. మొదటి అచ్చు తన చోటు విడిచి హల్లు వెనుకకు పోయింది. హల్లుతో మొదలయ్యే మాటల్లో తమిళ 'మరం' తెలుగులో 'మ్రాను' అయింది. 'పఴైయ'కు సాటి 'ప్రాత', 'కొఴుప్పు'కు సాటి 'క్రొవ్వు', 'విఴుంగు'కు సాటి 'మ్రింగు'. గాస్కన్‌లో వలెనే ఇక్కడ కూడ రేఫ మొదటి హల్లును చేరుకొన్నది. దారి మాత్రం వేరు. ఇక్కడ నడుమనున్న అచ్చు స్థానం మారింది.

ఈ మార్పును భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో ప్రకటించిన తెలుగు ధాతువుల గ్రంథంలో సమగ్రంగా పరిశీలించారు. ఇది తెలుగుతోబాటు గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషల్లోను కనిపిస్తుంది. ప్రయోజనవాదానికి ఇక్కడ గట్టి దెబ్బ తగులుతుంది. మూల ద్రావిడంలో మాట మొదట ర, ల వర్ణాలు ఉండేవి కావు, సంయుక్తాక్షరాలూ ఉండేవి కావు. ఈ మార్పు ఆ రెండు మర్యాదలనూ అతిక్రమించింది. ఆ తర్వాత వ్యవహారంలో 'మ్రాను' 'మాను' అయింది, 'ప్రాత' 'పాత' అయింది, 'మ్రింగు' 'మింగు' అయింది. భాష మేలుకోరి సంయుక్తాన్ని తెచ్చుకొన్నదైతే మళ్ళీ ఎందుకు పోగొట్టుకొన్నది?

అన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. 'ఎలుక', 'ఉలి', 'ఎరువు' వంటి మాటల్లో అచ్చు నేటికీ మొదటనే ఉన్నది. ఒక ధ్వని మార్పు భాషలోని మాటలన్నింటా ఒక్కసారిగా కాక, మాట తర్వాత మాటగా పాకుతుందని విలియం వాంగ్ 1969లో ప్రతిపాదించారు. 1978లో కృష్ణమూర్తిగారు అమెరికా భాషాశాస్త్ర సంఘంవారి పత్రికలో ఈ ద్రావిడ మార్పునే అందుకు సాక్ష్యంగా చూపారు. ఇది శతాబ్దాలపాటు మాటనుండి మాటకు, భాషనుండి పొరుగు భాషకు వ్యాపించిందని ఆయన నిరూపణ. ఈ వెలుగులో గాస్కన్ 'బోస్తె'ను మళ్ళీ చూడవచ్చును. మార్పు తనవరకు వచ్చేలోపల ఆ మాటలో రేఫ జారిపోయి ఉండవచ్చును. అటువంటి మాటలు నియమానికి శత్రువులు కావు. నియమం నడిచిన దారిలో మిగిలిన గుర్తులు.

తీర్పు

గ్రామోన్ సిద్ధాంతాన్ని రెండు భాగాలుగా విడదీసి చూడటం న్యాయం. వర్ణవ్యత్యయం నియమబద్ధంగా జరగగలదన్నది మొదటి భాగం. అది నిలిచింది. గాస్కన్, స్లావ్, సార్డీనియన్, తెలుగు భాషలు నాలుగూ దానికి సాక్షులు. భాష మెరుగుకోసం వర్ణాలను సర్దుకొంటుందన్నది రెండవ భాగం. అది నిలువలేదు. నవ్య వైయాకరణుల సూత్రానికి కూడ ఇందులో సవరణ ఉన్నది. మార్పు నియమబద్ధమైనదా కాదా అన్నది దాని జాతినిబట్టి ముందుగానే తేలేది కాదు. ఫ్రెంచిలో 'ఫ్రొమాజ్' వంటి కొద్ది మాటలకు అంటి ఆగిపోయినదే గాస్కన్‌లో మాటలన్నిటికీ పాకింది. రెండింటిలో పనిచేసినది ఒకే పొరపాటు. ఒక చోట అది ఆరిపోయింది, మరొక చోట అంటుకొన్నది. ఎందుకు అంటుకొన్నదో ప్రతి భాషకూ విడిగా విచారించి చెప్పవలసినదే.

పాఠాలు చెప్పేవారు, నిఘంటువులు కూర్చేవారు ఇందునుండి గ్రహించవలసిన సూత్రం చిన్నది. 'వర్ణవ్యత్యయంచేత' అని వ్రాసినంత మాత్రాన ఒక మాట పుట్టుక తేలినట్లు కాదు. అది సంగతికి పెట్టిన పేరు మాత్రమే. ఏ వర్ణం, ఏ చోటునుండి, ఏ చోటికి, తోటి మాటల్లో వేటివేటితోబాటు జరిగిందో చూపినప్పుడే ఆ పేరు వివరణ అవుతుంది. 'ప్రాత' శబ్దానికి అటువంటి లెక్క చెప్పవచ్చును. 'సింహ' శబ్దానికి చెప్పలేము. శాస్త్రానికి, చమత్కారానికి నడుమ ఉన్న గీత అదే.